నూరు లెక్కపెట్టాలి

రాత్రి రెండుంపావు.
బయట అలిపిరి వైపు పోయే జీపుల మోత.
గాజుపలక మీద నేరేడుపండు రంగు ఆరింది.
నూరు తెల్లకణాలు లెక్కపెట్టాలి నేను,
నూరయితే గంట కొడుతుంది ఈ పాత పెట్టె.
ముప్పై దాటలేదు.

వాన తరిమేసిన సంతలా ఉంది పలక.
ఎర్రకణాలు కూడా పలచగా
గానుగ ఆడని రోజు బెల్లం దిమ్మ మీది ఈగల్లా.

చీటీ మీద పేరు రెడ్డిరాణి. పదేళ్ళు. పాకాల దగ్గర పల్లె.
జ్వరం నూటరెండు.

వాళ్ళమ్మ కిటికీ ఊచ వదలదు.
"ముల్లు గుచ్చుకున్న కాడ వాపు ల్యా, చీము ల్యా.
మడి జొరమెందుకు సార్?"

ఎట్ల చెప్పేది ఆమెకి,
చీమంటే కొట్లాట జరిగిన గుర్తని,
మనకోసం చచ్చినోళ్ళ గుట్ట అని.
ఈ బిడ్డ ఒంట్లో చచ్చేదానికి కూడా ఎవరూ మిగల్లేదని.
దొంగల్ని తరమను పోసిన మందే
కావలివాళ్ళనీ ఊడ్చేసింది.
మిగిలింది జ్వరం ఒక్కటే,
తాళం వేసిన ఇంట్లో కుక్క అరుపు.

చెప్పలేదు.
ఫోనెత్తి వార్డుకి, "నూట ఇరవై.
ఔను, వేలు కాదు. రెండుసార్లు చూసినా."
అవతల సిస్టర్ కోకిల,
"మందు ఎప్పుడో ఎక్కించేసినాం,
జొరం చూసినాక నీ లెక్క కోసం ఆగతామా?"
నా ఇరవై ఏళ్ళ ఉద్యోగం కొంచెం చిన్నబోయింది.
కొంచెం ఊపిరి పీల్చుకుంది.

బెంచీ మీద ఆమె ఎవరికో చెబుతోంది:
"ఆఖరి బస్సులో పాప గుండు చూసి జరిగి సీటిచ్చినారు,
కొండ మీంచి వస్తా ఉండారా, ప్రసాదం పెట్టమ్మా అన్నారు.
గుండు ముందే అయిపోయిందక్కా,
మొక్కు ఇంకా బాకీ ఉండాది, అన్నా."

ఆ తర్వాత రోజూ అదే పేరు, అదే ఖాళీ పలక.
ముప్పై. పందొమ్మిది. ఒకరోజు పదకొండు.
జ్వరం దిగింది, మళ్ళీ ఎక్కింది.
టీ చల్లారిపోవడం మామూలైంది.

తొమ్మిదో రాత్రి
పలక అంచున ఒక పెద్ద కణం,
చిక్కుడుగింజలా నడుం వంచి.
దాని వెనక ఇంకోటి, గుర్రపు లాడం ఆకారం,
ఇంకా విరగని లేతది,
కాపలాకి కొత్తగా చేరిన కుర్రోడు.

తొంభై ఏడు. తొంభై ఎనిమిది.
నూరోది కనబడినాక
మీట నొక్కితే గంట కొడుతుంది.
నొక్కకుండా
చానాసేపు దాన్నే చూస్తా కూచున్నా.