టోకెన్ నంబరు

సొహార్‌లో శుక్రవారం పొద్దున
ఎక్స్ఛేంజి దగ్గర మిషను నొక్కితే చీటీ వచ్చింది:
నూట పద్నాలుగు.
నా ముందు రాజంపేట ఖాదర్ బాషా,
వెనక చిట్టగాంగ్ వెల్డర్లు ఇద్దరు,
ఒంటి మీద ఇంకా రాత్రి డ్యూటీ వాసన.
చీటీ చూసి నవ్వొచ్చింది.
టోకెన్లు నాకు కొత్త కాదు.

అక్కడ మా యూనివర్సిటీలో
తొమ్మిదేళ్లు గంటల లెక్కన పాఠం చెప్పాను.
ప్రభుత్వ విత్తశాస్త్రం, రెండో పేపరు.
గంట కొడితే జీతం, కొట్టకపోతే గాలి.
దసరా సెలవులంటే పిల్లలకు పండగ,
నాకు ఇరవై రెండు గంటల నష్టం.
పదహారు పోస్టుల శాఖలో మిగిలింది ఇద్దరు.
ఒకాయన రిటైర్మెంటుకు నెలలు లెక్కబెట్టుకుంటుంటే
ఇంకొకాయన నాలుగు శాఖలకు ఇన్‌ఛార్జి.
తక్కిన కుర్చీల మీద తువ్వాలైనా లేదు.

బోర్డు మీద రాసేవాణ్ణి:
కేటాయింపు వేరు, విడుదల వేరు, ఖర్చు వేరు.
"ఒకదానికొకటి ఎంత దూరం సార్?" అని
వెనక బెంచీ నుంచి మల్లీశ్వరి అడిగింది.
సిలబస్‌లో లేదన్నాను.

ఇప్పుడైతే చెప్పగలను.
మార్చిలో కాగితం మీద కోట్లు పుడతాయి.
జూన్‌లో పావు వంతు ఇస్తామంటారు.
చలికాలం నాటికి జీవో,
జీవో తోక పట్టుకుని టోకెను.
టోకెను ట్రెజరీలో చాప పరుచుకుని పడుకుంటుంది.
మళ్లీ మార్చి. సవరించిన అంచనాలని
చచ్చిన సున్నాలకు స్నానం చేయిస్తారు.
దూరం ఎంతంటావా, మల్లీశ్వరీ,
హైదరాబాదు నుంచి మస్కట్,
దిగాక బస్సులో ఇంకో మూడు గంటలు.

ఇక్కడ నేను కాపలా కాసేదీ కాలేజీకే.
రాత్రికి నలభై రెండు తలుపులు.
మనిషి లేని ల్యాబుల్లో తెల్లవార్లూ ఏసీ.
మొన్నొక గదిలో ఎవరో గీసి వదిలేసిన గ్రాఫు,
గిరాకీ రేఖ పైకి పోతోంది.
మార్కరు మూత తీశాను.
వాసన చూసి పెట్టేశాను.
సుద్ద అయితే దిద్దేవాణ్ణేమో.
"చమురు ధర పడితే
ఈడ గూడా కుర్చీలు ఖాళీ అవుతాయి సార్" అంటాడు ఖాదర్.
క్యాంపులో నన్ను సార్ అనేది అతనొక్కడే,
అదీ రైస్ కుక్కర్ దగ్గర వంతు కోసం.

అక్క కూతురు జలజ నర్సింగు ముగించి ఏడాదయింది.
ఒరిజినల్స్ కాలేజీ బీరువాలో ఉన్నాయి.
"గవర్నమెంటు మూడేళ్ల ఫీజు వెయ్యలేదమ్మా,
మీరు కట్టి తీసుకుపోండి,
వాళ్లు వేసిన రోజు వాపసిస్తాం."
వాళ్లు వేసిన రోజు!
ఖాదర్ కొడుకుదీ అదే బీరువా, అవతలి రాష్ట్రంలో.
భాగాలు పంచుకున్న అన్నదమ్ములు
అప్పులోళ్లకు చెప్పే వాయిదా మాత్రం
ఒకే గొంతుతో చెప్తారు.

"నూట పద్నాలుగు."
గాజు వెనక మలయాళీ అమ్మాయి
తలెత్తకుండా అడిగింది: డబ్బు దేనికి?
ఇంటి ఖర్చులా, అప్పు తీర్చడమా, వైద్యమా, స్థలమా?
తొమ్మిదేళ్లు పద్దుల పేర్లు పాఠం చెప్పినవాణ్ణి,
నా పద్దు ఏదో తేల్చుకోలేకపోయాను.
"ప్రభుత్వం వాటా" అన్నాను తెలుగులో.
"ఫ్యామిలీ?" అంది.
ఆమే నొక్కేసింది.

నాలుగు నిమిషాలు పట్టింది.
నాలుగే నిమిషాలు, ఖాదర్! చీటీ తీసుకోవడం,
పిలవడం, డబ్బు కదలడం!
అతను బైసాలు లెక్కబెట్టుకుంటున్నాడు, వినలేదు.

సాయంత్రం జలజ ఫోను.
సోమవారం కాలేజీకి పోతుందట,
కాగితాలు చేతికి రాగానే
పాస్‌పోర్టుకు పెడుతుందట.
"మీ దగ్గర ఆసుపత్రులు ఎలా ఉంటాయి మామయ్యా?"

తలుపులు గట్టివి, అన్నాను.
లైట్లు ఆర్పరు.