మూడో దశాంశం

సొహార్ ఓడరేవు పక్కన, రోలింగ్ మిల్లు లెక్కల గదిలో
ఏసీ హోరూ సముద్రం హోరూ ఒకటే.
గురువారంలోపు కాగితం కావాలన్నారు:
టన్ను కడ్డీకి కూలి, ఏ దేశంలో ఎంత.

జర్మనీ గడి నింపాను, జపాన్ నింపాను.
టర్కీ దగ్గర తడబడ్డాను, వాళ్ల డబ్బు వారానికో తీరు.
ఆఖరి గడి మాది.
దాంట్లో ఒక్క అంకె వేయబోతే
చెయ్యి ఆగింది.

ఏ అంకె?
కొలిమి ముందు నాసర్ అల్ బలూషి నిలబడే చోటే
టేక్ బహదూరూ నిలబడతాడు.
సిల్హెట్ రుహుల్ ఇంకో అడుగు ముందుకే.
సెగ ఒక్కటే,
చెమటకి మాత్రం పాస్‌పోర్టు చూస్తారు.
దేశాల్ని పోల్చాలంటే ఇంత వెతకడం ఎందుకు,
తెల్లవారుజామున నాలుగున్నర బస్సు ఎక్కితే చాలు,
సీటు సీటుకీ సరిహద్దు.

(నా జీతం ఆ కాగితంలో లేదు.
నేను పరోక్ష ఖర్చు.)

"టన్నుల నాదెంత సారూ?"
బాల్కొండ భూమన్న, చేతిలో చాయ్,
చూపుడువేలికి గోరు లేదు.
కట్టి చెప్పాను. రియాళ్లు కావు, బైసాలు.
"ఎండకు నోరెండి పైస బైసయ్యిందా ఏంది" అని నవ్వి
పక్కనున్న కడ్డీ మీద
నాలుగు వేళ్లు అడ్డం పెట్టి చూసుకున్నాడు.
"గింతేనా నా పాలు?"

కాసేపాగి మళ్లీ తనే:
"మా కోనసముద్రం దిక్కు చేను దున్నితే
ఇప్పటికీ చిట్టెం తేలుతది.
ఎనుకట ఇరాన్ సావుకార్లు గీ సముద్రం దాటొచ్చి
ఉక్కు కోసం మా కొలుముల కాడ కూసునేటోళ్లంట.
గప్పటి కూలి ఉన్నదా నీ కాగితంల?"

లేదు.
వెతికినట్టు నటించాను,
కప్పు కింద పెట్టి వెళ్లిపోయాడు.

గురువారం వచ్చిన కన్సల్టెంటమ్మ
రెండు దశాంశాలు చాలంది.
రియాలుకి వెయ్యి బైసాలండీ, మూడోది కావాలి అన్నాను.
తెర మీద ఇరుకవుతుందట.
తీసేసింది.
అందరికన్నా తక్కువ అని మా గడి పచ్చగా వెలిగింది.
చప్పట్లు కొట్టారు.
నేనూ కొట్టాను.

కిందికి దిగొస్తే
ఓడకెక్కడానికి కట్టలు వరసగా,
ఏ దేశం దింపుకుంటుందో మరి,
ఒక కడ్డీ చివర సుద్దగీత ఉంది.
నా వేళ్లు పెట్టి చూశాను.
నావి సన్నం, సరిపోలేదు.