మోకాళ్ళ దాకా

రష్త్ ఊళ్ళో వాన ఆగదు.
ఆసుపత్రి వెనక దుప్పట్ల గది రేకుల మీద
రాత్రంతా ఏదో పాత బాకీ లెక్క చూసుకుంటూ ఉంటుంది.
మూడున్నరకి మేం ముగ్గురం అక్కడ చేరతాం:
నేను, తహ్మినే, కొత్తగా వచ్చిన పిల్ల సోగంద్.
జోళ్ళు విప్పి, ఉతికిన మూటలకి వీపులానించి
ఫోను బోర్లా పెడతాం.

అందులో ఒకామె మాట్లాడుతుంది.
పై ఆఫీసు వాళ్ళు పంపిన గొంతు,
ఎన్నడూ రాత్రి డ్యూటీ చెయ్యని గొంతు.
"కాలివేళ్ళు ముడవండి. ఐదు లెక్కపెట్టండి. వదలండి."
ముడుస్తాం. లెక్కపెడతాం. వదులుతాం.
తహ్మినే లెక్క ఆపదు,
ఆమెకి అంకెలంటే సెలైన్ చుక్కలే,
ఇరవై దాకా వెళ్ళి గాని తిరిగి రాదు.

"పిక్కలు బిగించండి."
పదకొండు గంటలు నిలబడ్డ పిక్కల్ని
బిగించమంటే నవ్వొస్తుంది.
అవి వదులైందెప్పుడని?

"ఇప్పుడు మోకాళ్ళు" అనగానే గంట మోగుతుంది.
ఎప్పుడూ అక్కడే.
ఏడో మంచమో, పన్నెండో.
రెండు నెలలుగా మాకు మోకాళ్ళ దాకానే శాంతి.
ఆ పైన తొడలు, నడుం, భుజాలు
తెల్లారకముందే రొట్టెల కొట్టు ముందు వరసకట్టినట్టు
తమ వంతు కోసం నిలబడే ఉన్నాయి.

ఒక్క రాత్రి మాత్రం, ఆజర్ నెల చివర్లో,
గంట మోగలేదు.
గొంతు చేతుల దాకా వచ్చింది.
"పిడికిలి బిగించండి."
బిగించాను.
"వదలండి."
ఎడమది వదిలింది.
కుడిది వదల్లేదు.

ఆ సాయంత్రం ఆ చేతినే పట్టుకుని
ఒక బడిపంతులమ్మ వెళ్ళిపోయింది.
ఆమె వేళ్ళు ఒక్కొక్కటీ నేనే విడదీశాను.
చూపుడువేలికి ఇంకా సుద్దముక్క కాయ ఉంది.

సోగంద్ చూసింది. ఏమీ అడగలేదు.
నా పిడికిలి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది,
ఎవరో పట్టుకోమని ఇచ్చి వెళ్ళిన వస్తువులాగా.

ఏడో మంచం మష్ సఫర్‌ది. అంజలీ రేవు జాలరి.
ఊపిరాడక మాస్కు పీకేసుకుంటున్నాడు.
పక్కన మోకరించి, నాకే చేతకాని పాఠం చెప్పాను:
బిగించు పెద్దాయనా, ఆగు, వదులు.
బిగించాడు. ఆగాడు. వదిలాడు.
నాకంటే బాగా చేశాడు.

"ఇదేనా మీకు కొత్తగా నేర్పుతున్నది?" అన్నాడు.
"వల లాగేప్పుడు మా పని ఇదే కదమ్మా.
అల లాక్కున్నప్పుడు వదలాలి.
వదలకపోతే ఇదిగో."
అరచెయ్యి తిప్పాడు. అడ్డంగా తెల్లటి గీత,
ఇరవయ్యో ఏట తాడు కోసింది.
"అల లాగేది ఎలా తెలుస్తుంది?" అన్నాను.
నవ్వాడు. మాస్కు మసకబారింది.
"లెక్కపెట్టేవాడికి తెలీదు."

నెలాఖరుకి కాగితం వచ్చింది.
వ్యాయామం వల్ల ఒత్తిడి తగ్గిందా?
అవును. కాదు. ఒకదానికి టిక్కు పెట్టండి.
తహ్మినే రెంటికీ పెట్టింది.
నేను అంచున రాశాను: మోకాళ్ళ దాకా.
చెయ్యి సంగతి రాయడానికి ఖాళీ లేదు.

ఆ పొద్దున్నే, ఇంటికెళ్ళే మినీబస్సులో
పై కడ్డీ పట్టుకుని నిలబడి ఉన్నాను.
చేపల బజారు మలుపు దగ్గర
నా కుడి చెయ్యి
నన్నడక్కుండానే వదిలేసింది.
వెల్లుల్లి జడలు ఒళ్ళో పెట్టుకున్న ఒకావిడ మీద
దబ్బున పడ్డాను.
క్షమాపణ చెప్పబోతే
ఆవిడ జడలు పక్కకి జరిపి
"పడ్డావు కదా, ఇక లేవకు" అంది.

దిగాల్సిన చోటు దాటి ఎంత దూరం వెళ్ళానో తెలీదు.
కళ్ళు తెరిచేసరికి బస్సు ఆగి ఉంది,
డ్రైవరు బయట టీ తాగుతున్నాడు,
చేతులకి వెల్లుల్లి వాసన.