మాఫీ

సోహార్‌ల పైపుల యార్డు. టూల్ స్టోరు కిటికీ నాది.
చీటీ వస్తది: ఇరవై నాలుగు నంబరు పానా.
అరల ఉంటే తీసిస్త.
లేకుంటే ఇక్కడి భాషల ఒక్కటే మాట, మాఫీ.
లేదు, పో.

రాత్రి పై మంచం మీద కూడా అదే కొలువు.
మోకాళ్ల మీద సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్,
కిటికీకి నంబరు ఎనిమిది వేల ఎనభై,
అర అంటే ఒక ఫోల్డరు.
చీటీ తెచ్చేది బ్రౌజరు.
దొరకని ఫైలుకు నాలుగువందల నాలుగు అని పంపాలె,
దాని కింద నా తరఫున మాఫీ అని రాసిన.

తెలుగు పేర్ల కాడ వారం రోజులు ఆగిపోయిన.
అప్పు అని అడిగితే
చీటీ మీద పదిహేను శాతం గుర్తులు వచ్చి పడ్డయి.
నవ్వొచ్చింది. నేను తెచ్చింది మూడు రూపాయల మిత్తికి.
ఆ గుర్తులను మళ్ల అక్షరాలు చేసుడు దానికి నేర్పిన.
పరీక్షకు పెట్టిన ఆ ఫైలును
పై ఫోల్డర్ల దాచిపెట్టిన.

శుక్రవారం. ఏసీ నీళ్లు బకెట్ల చుక్క చుక్క.
ఎనిమిది మంచాల మీద ఎనిమిది ఫోన్లు
నా కిటికీ ముందు లైను కట్టినయి.
నర్సింగం పీరీల పండుగ ఫొటో తీసుకున్నడు,
ఇస్తారి పోయిన నెల జీతం కాగితం.
ఎవడో తలకాయ కూర అడిగిండు. మాఫీ.
రూమంతా నవ్వు.

కిషన్ నాయక్ ఒక్కడు నవ్వలే.
బాన్సువాడల డిప్లొమా నడుమల ఇడిసిపెట్టి
స్కాఫోల్డింగ్ ఎక్కిన పిలగాడు.
రెండు చుక్కలు, శాతం గుర్తు, రెండు, ఎఫ్.
అంతే కొట్టిండు.
అక్షరాలు చేసుడు నేర్పిన కదా,
నా సర్వరు దాన్ని గీత చేసుకొని
ఒక మెట్టు పైకి నడిచి
తలుపు తీసి చూపెట్టింది.

ఏజెంటుకు లక్షా ఇరవై వేలు.
చెల్లె గొలుసు, తాకట్టు.
అటెనుక, నాకు రావలసినయి:
ఇస్తారి, పదకొండు రియాళ్లు. అడగొద్దు.

కిషన్ ఫోను బోర్లించిండు.
"అన్నా, కిటికీలకెళ్లి చెయ్యి పెడితే
గల్లాపెట్టె అందుతున్నది" అన్నడు, మెల్లగ.

చెవులు కాలినయి. రెండు లైన్లు రాసిన:
ముందు తోవ మొత్తం ఇప్పి చూడు,
మన అర దాటితే ఇయ్యకు.
"మళ్ల కొట్టు."
కొట్టిండు.
"అప్పు?" అన్న.
"మాఫీ" అన్నడు.

కింది మంచం మీద ఇస్తారి
దుప్పట్లకెళ్లి తల ఎత్తిండు:
"ఎవలది?"