పెట్టె చెక్క

మేకు పీకేటప్పటి కేకని బట్టి
అది ఏ దేశపు చెక్కో చెప్పగలను.
లిస్బన్‌ది పిల్లిలా గీపెడుతుంది.
ఇస్తాంబుల్‌ది ముసలి దగ్గు.
జపాన్ పెట్టెకి మేకులే ఉండవు,
చెక్కల్ని చెక్కలే వేళ్ళు కలిపి పట్టుకుంటాయి,
విప్పాలంటే మర్యాదగా అడగాలి.

రంగమన్నార్ శెట్టిగారు
ఏడాదిలో సగం విమానంలోనే నిద్రపోతారు.
మిగతా సగం నాకు చెబుతారు.
బోట్ క్లబ్ రోడ్డు, బంగళా వెనక షెడ్డు,
గునపంతో నేను, కాఫీ గ్లాసుతో ఆయన.
“మంచులో మూడు రోజులు, ఆదికేశవులూ,
ఆ విధవరాలి గుమ్మం ముందు నిలబడ్డాను.
నాలుగో రోజు తలుపు తీసి టీ ఇచ్చింది.
బొమ్మ ఇవ్వలేదు.
ఐదో రోజు ఇచ్చింది.”

ఎంతకి, అని నేనడగను.
ఎంతకో, ఆయన చెప్పరు.
రంపపు పొట్టులోంచి మెల్లగా పైకి లేచింది
మొహం అటు తిప్పుకున్న ఒక తెల్లామె,
మెడ వెనక ఒక్క పాయ జుట్టు.
ఆవిడ ఎటు చూస్తోందో తెలియాలని
ఆయన బొమ్మ వెనక్కి వెళ్ళి చూశారు, నిజంగా.

బొమ్మ ఆయనకి, పెట్టె నాకు.
ఎవరూ నోరు తెరిచి చెప్పని ఒప్పందం.

అందుకే కాశిమేడులో మా ఇంట్లో
బియ్యం డ్రమ్ము కింద పోర్చుగల్,
అటక మీద ఊరగాయ జాడీల కింద టర్కీ.
స్నానాలగది తలుపు ఆ విధవరాలి ఊరిది:
బయటివైపు గొడుగు బొమ్మ, గాజు గ్లాసు బొమ్మ,
ఆకాశం చూపించే రెండు బాణాలు.
“తడవకూడదని రాసి ఉన్న తలుపుకి
రోజూ పది బకెట్లు” అని మా ఆవిడ నవ్వుతుంది.
చేపల రేవు గాలి, సముద్రపు ఉప్పు
ఆ చెక్క వాసనని ఏడేళ్ళుగా తింటున్నాయి,
ఇంకా అయిపోలేదు.

మొన్న ఆడి నెలలో
శెట్టిగారి కారు మా సందులో దూరక
ఐస్ ఫ్యాక్టరీ దగ్గరే ఆగిపోయింది.
నడిచి వచ్చారు, ప్యాంటు మడిచి.
ఆ తెల్లామె అసలుదో కాదో
లండన్‌లో ఎవరికో అనుమానమట.
పెట్టె లోపలివైపు ఒక చీటీ, ఎర్ర లక్క ముద్ర...
“ఉందా, పారేశావా?”

ఉంది. కానీ లోపల కోడలు తలంటుకుంటోంది.

బిందెల వరస పక్కన
ప్లాస్టిక్ స్టూలు వేశాను. కూర్చోలేదు.
గుమ్మాల ముందు నిలబడడం తెలిసిన మనిషి.
లోపల చెంబు, నీళ్ళు, చెంబు.
గొడుగు బొమ్మ వంక చూస్తూ
కొంచెం వణికినట్టనిపించింది, ఆ ఎండలో.

చంద్రిక తలకి తువ్వాలు చుట్టుకుని తప్పుకున్నాక
బూట్లు విప్పి తడి నేల మీదికి వెళ్ళారు.
చీటీ సగం సబ్బు తినేసింది.
ముద్ర మాత్రం అలాగే ఉంది.
బొమ్మని ఎప్పుడూ తాకని చేత్తో
దాన్ని తాకారు.
ఎంతకిస్తావు, అన్నారు.
ఆరు దేశాల్లో బేరమాడిన గొంతు.
మళ్ళీ ఒక తలుపు చేయించండి, అన్నాను.
అంతకంటే ఏమీ తోచలేదు నాకు.
మా ఆవిడ ఇప్పటికీ తిడుతుంది.

ఆ చెక్క ఇప్పుడు అద్దం వెనక, దీపం కింద.
ఫోటో చూసి లండన్ నుంచి రాశారట:
లక్క ముద్ర నిజమైనదే.
దాని పక్కన వరసగా ఉన్న చిన్న ఎర్ర ముద్రలు మూడు
ఎవరి సంగ్రహానివి?

శెట్టిగారు ఫోన్ చేసి అడిగారు.
నీళ్ళు పోసుకునే ముందు నుదుటి నుంచి తీసి
చంద్రిక తలుపుకి అంటించే బొట్టుబిళ్ళలవి.
కాశిమేడు సంగ్రహం అని రాయండి, అన్నాను.
ఆయన నవ్వలేదు.
అటువైపు కాగితం చప్పుడు వినిపించింది.

మా స్నానాలగదికి ఇంకా పాత చీరే.
తలుపు వస్తోందట, దారిలో ఉందట.