రెండుంబావు

చుట్టుగుంట బడిలో మధ్యాహ్నం రెండుంబావుకి
ఏడో ఎక్కం ఏడార్ల దగ్గర కూలబడుతుంది.
తిన్న పప్పన్నం కళ్ళలోకెక్కి
మూడో తరగతి ముప్పై ఒక్క తలలూ
బల్లల మీద ఆరబోసినట్టుంటాయి.

కిటికీలోంచి యార్డు ఘాటు.
ఎవడో తుమ్ముతాడు.
ఆ ఒక్కడే మేలుకున్నట్టు లెక్క.

సుద్దముక్క పక్కన పెట్టి
"లేవండర్రా" అంటాను.
ఎంతో కాదు, మూడు నిమిషాలు.
ఆఫీసునుంచి వచ్చిన కాగితంలో బొమ్మలున్నాయి:
చేతులు పైకి, చేతులు పక్కకి, ఉన్నచోటే గంతులు.
అవన్నీ సోమవారంతోనే పాతబడ్డాయి.
"ఇవాళ ఏం చేద్దాం?"

"టిక్కీలెత్తుదాం టీచర్,
మా నాన్న ఎత్తినట్టు"
అన్నాడు ఏసుపాదం.

చొక్కాకి రెండు గుండీలే ఉన్న పిల్లాడు
ఒక్కసారిగా మేస్త్రీ అయిపోయాడు.
"నడుం కాదొరే, మోకాళ్ళు వంచాలి.
కొక్కెం ఇట్టా పక్కనించి గుచ్చాలి.
ఊపిరి బిగబట్టు. ఊఁ, లేపు!"

లేచాయి
ముప్పై ఒక్క బస్తాల గాలి,
బక్క భుజాల మీదికి.
బల్లల సందుల్లోంచి ఒకళ్ళ వెనక ఒకళ్ళు
మెడలు వంచుకుని
నా టేబుల్ అనే లారీ వైపు.
రిజ్వానా నవ్వాపుకోలేక జారవిడిచింది.
"పగిలిందే! కూలి కోస్తారిప్పుడు"
వాడి కోపంలో ఆట లేదు.

చప్పుడు విని హెడ్మాస్టరు గుమ్మంలోకొచ్చారు.
"ఏందమ్మా ఇది, బడా, సంతా?"
నేను నోరు తెరిచేలోపే
"పక్కకి సార్, పక్కకి!
బరువుతో ఉన్నోళ్ళకి దారియ్యాల"
అన్నాడు వీడు.

ఆయన, పాపం, తప్పుకున్నారు.
కళ్ళజోడు సర్దుకుని
ఖాళీ చేతుల ఊరేగింపు దాటేదాకా
గోడకానుకుని నిలబడ్డారు.

గడియారం అయిందంది.
అందరూ దభాలున దించేసి
రొప్పుతూ, కళ్ళు మెరుస్తూ
ఎవరి చోట్లో వాళ్ళు.
ఏడార్ల ఎంతో ఇప్పుడడిగితే
పైకప్పు ఎగిరేట్టు చెప్తారు, నాకు తెలుసు.

ఏసుపాదం మాత్రం నిలబడే ఉన్నాడు,
మెడ వంచి, చెయ్యి వీపు మీదికి పెట్టి.
"దించవేరా?"
"ఒక్కడివల్ల కాదు టీచర్.
దించేటప్పుడు ఇంకోళ్ళు చెయ్యెయ్యాల."

సుద్ద చేతుల్తోనే వెళ్ళి
అటువైపు పట్టుకున్నాను.

నిజం చెప్పొద్దూ,
దించేటప్పుడు నా మోకాలు
కలుక్కుమంది.