వల కన్ను

నీలం గౌన్ల వరుస
ఆరో తరగతి గుమ్మం దాటి, మెట్లు దిగి
యూకలిప్టస్ చెట్ల దాకా పాకింది.
నా మోకాళ్ళ దగ్గర ఐసు పెట్టె.
కొండ పాదాన కివూ సరస్సు
రాత్రి వేటకెళ్ళిన పడవల్ని
ఒక్కొక్కటే ఒడ్డుకి వదిలిపెడుతోంది.

"దీంతో మలేరియా రాదా?" అంది
వరుసలో ముందున్న ఉముతోని.
వస్తుంది. దోమతెర దోమతెరే.
"మరి ఎయిడ్స్?"
వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నేను నవ్వలేదు.
దాన్నీ ఆపదు.
చీకట్లో అంటుకునే మిగతా జబ్బుల్నీ ఆపదు.
కడుపునీ ఆపదు,
ఇప్పుడూ,
రేపు నువ్వే బిడ్డ కావాలనుకున్నప్పుడూ.

"ఇంకెందుకు మరి?"

గర్భసంచి గుమ్మం దగ్గర
ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా కాపురముండి
ఎప్పుడో పుండై లేచే వైరస్ ఒకటుంది.
దాని వంశం పెద్దది.
అందర్నీ కాదు, వాళ్ళలో బాగా చెడ్డవాళ్ళని
ఇది వాకిట్లోనే గుర్తుపడుతుంది.
పులిపిర్లు తెచ్చే ఆకతాయిలిద్దర్ని కూడా.

కళ్ళు మూసుకోకుండా చెయ్యి చాపింది.
దూది అదిమిపట్టి "అంతేనా" అంది,
మోసపోయినదానిలా.

మధ్యాహ్నం వాళ్ళమ్మ వచ్చింది, పెర్పెతువా.
నెత్తిన సాంబాజా చేపల బేసిను అలాగే ఉంది.
కూతురి జబ్బ చూసి
తన చొక్కా చెయ్యి పైకి మడిచింది.
"నాకూ వెయ్యి.
మా అక్క దాంతోనే పోయింది.
ఆఖర్లో ఆ గదిలోకి ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు, వాసనకి.
చేపలమ్మేదానివి నీకేంలే అని
నన్నే పంపేవాళ్ళు."

నలభై ఒక్క ఏళ్ళు. ఐదు కాన్పులు.
ఇల్లు కాలాక బావి తవ్వడమని సామెత చెప్పడం తేలిక.
"ఇది వచ్చేవాళ్ళని ఆపుతుందక్కా,
వచ్చి కూచున్నవాళ్ళని లేపదు" అన్నాను.

బేసిను దించింది. ఆలోచించింది.
"నిన్న దాటిపోయిన చేపకి ఇవాళ వేసిన వలేం చేస్తుందిలే.
మరి పిల్ల వలలోంచీ జారేవి ఉంటాయా?"
ఉంటాయి.
వల కన్ను ఎంతో పట్టు అంత.
ముప్పై దాటాక అదీ పరీక్షకి రావాల్సిందే.

"నువ్వు వేయించుకున్నావా?"

నా బడి రోజులకి ఈ మందు మా కొండ ఎక్కలేదు.
రెండేళ్ళ కిందట నా కాగితం మీద
ఉంది అని వచ్చింది.
తెల్లమచ్చని వేడి మొనతో కాల్చారు.
పాలు పొంగేంత సేపు కూడా పట్టలేదు.
ఆ కాసేపటి గురించే ఆమెకి చెప్పాను,
పొద్దుట్నించీ మందు గురించి చెప్పినదానికన్నా
ఎక్కువగా.

మంగళవారం, ఆలస్యంగా,
ఆసుపత్రి బల్ల మీద పడుకుంది పెర్పెతువా.
"కడుక్కునే వచ్చాను, అయినా పోదు" అంది
చేతులు దాచుకుంటూ.
నాకేం రావట్లేదన్నాను.
అబద్ధం.
గదంతా వెనిగరూ, సరస్సూ.

దీపం దగ్గరికి జరిపాను.